నలభై ఏడు బుకింగులు

ఏలూరు రామచంద్రరావుపేటలో వీరేంద్ర నడిపే వీడియో గేముల షాపులో కెజియా ఏడేళ్ళు పనిచేసింది. డిస్కులు, రిమోట్లు, టీవీకి తగిలించే గేమ్ మెషీన్లు అమ్మేవారక్కడ. చుట్టుపక్కల అలాంటి షాపు మరొకటి లేదు. కైకలూరు, ఆకివీడు, ఉండి నుంచి చేపల, రొయ్యల చెరువుల వాళ్ళు కార్లు వేసుకుని వచ్చేవారు. రొయ్య ధర బాగున్న నెలలో షాపు కళకళలాడేది. ధర పడితే రోజంతా ఈగలు తోలుకోవడమే.

కొత్త ఆట డిస్కు అయిదు వేలకు ఒక రూపాయి తక్కువ. లోపలికి వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది ధర విని, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, అద్దాల బల్ల మీద మెల్లిగా పెట్టేసి వెళ్ళిపోయేవారు. "ఏవండీ, ఒక్క ఆట అయిదు వేలా?" అని ఎవరైనా నోరు తెరిచి అడిగితే వీరేంద్ర కుర్చీలోంచి లేవకుండానే, "ఆడుకోడానికి కూడా స్థోమత ఉండాలండీ" అనేవాడు.

"ఆడేసిన డిస్కులు మనమే వెనక్కి తీసుకుని తక్కువకి అమ్ముదాం సార్. ధర విని వెళ్ళినవాళ్ళు మళ్ళీ గుమ్మం ఎక్కట్లేదండీ" అని కెజియా రెండు మూడుసార్లు చెప్పి చూసింది.

"నాది పాత సామాన్ల కొట్టు కాదమ్మా" అని కొట్టిపారేశాడు.

ఆమెకి ముప్ఫై నిండిన ఏడు, మార్చి నెలలో ఒక శనివారం సాయంత్రం, స్టాకులో ఆరు డిస్కులు తగ్గాయి. షాపులో ఏడెనిమిదిమంది ఉన్నారు. ఇద్దరు ఆమె వెళ్ళే చర్చివాళ్ళే. "కెజియా, నీ బ్యాగిలా ఇవ్వు" అన్నాడు వీరేంద్ర. ఆమె తీసి ఇచ్చేలోపే లాక్కుని కౌంటరు మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, బస్సు పాసు, కాగితంలో చుట్టుకున్న ఆడవాళ్ళ వస్తువులు అందరి ముందూ దొర్లాయి. డిస్కులు లేవు.

"ఈపాటికి దాటించేసి ఉంటావు" అన్నాడతను. "రేపట్నుంచి రానక్కర్లేదు."

కెజియా తన వస్తువులు ఒక్కొక్కటీ ఏరుకుని బ్యాగులో వేసుకుంది. ఎవరూ సాయం పట్టలేదు. మర్నాడు ఆదివారం. ఆమె తల్లి హన్నమ్మ ఒక బడిలో ఆయా. పదేళ్ళుగా చర్చిలో చందా సంచి పట్టుకుని తిరిగేది ఆవిడే. ఆ ఆదివారం సంచి ఇంకొకరి చేతికి వెళ్ళింది. హన్నమ్మ ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుండిపోయింది.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. అసలు మాట్లాడితే కదా అనడానికి" అంది.

మూడు వారాల తర్వాత చిట్టిబాబు ఫోన్ చేశాడు. కైకలూరు దగ్గర ఎనభై ఎకరాల చేపల చెరువులున్న మనిషి. నలభై అయిదేళ్ళ వయసులో కూడా మేత వేయించి వచ్చి కార్ల పందేల ఆట ఆడుకుంటాడు. కెజియాని చెల్లెమ్మా అంటాడు.

"చెల్లెమ్మా, ఆ ఆరు డిస్కులూ మీ ఓనరు బావమరిది పట్టుకుపోయాడు. భీమవరంలో మావాళ్ళకి మూడేసి వేలకి అమ్మాడు. ఓనరుకీ తెలిసిపోయిందట. ఇంట్లో పెద్ద గొడవైందట."

కెజియా ఆ మధ్యాహ్నమే షాపుకి వెళ్ళింది. వీరేంద్ర ఆమెని చూడగానే సొరుగులోంచి ఒక కవరు తీశాడు.

"నీ జీతం. తీసుకెళ్ళు."

"జీతం కోసం రాలేదు సార్. నేను తియ్యలేదని ఇక్కడే, నలుగురూ ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పండి."

"బావమరిది పని నేనే టముకు వేసుకోనా? నా ఇంటి పరువేం కావాలి?"

"మరి నా పరువండీ?"

వీరేంద్ర నవ్వాడు. కోపం కూడా లేదు ఆ నవ్వులో. "నీదేముందమ్మా. నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు."

కవరు కౌంటరు మీదే వదిలేసి ఆమె బయటికి వచ్చింది. ఎండలోనే నడిచింది. కొత్త బస్టాండు చేరేసరికి మనసులో ఒక్కటే మిగిలింది. ఇతన్ని ఊరికే వదలకూడదు. ఇతనికి దేని మీద పొగరో దాన్నే విరిచెయ్యాలి. ఆ అయిదు వేల ధరని.

జూన్‌లో తాడేపల్లిగూడెం వెళ్ళి, ఇంజినీరింగు కాలేజీకి వెళ్ళే దారిలో మేడమీద గది అద్దెకు తీసుకుంది. చిట్టిబాబు తను ఆడేసిన పదకొండు డిస్కులు ఇచ్చి, వీలున్నప్పుడు ఇవ్వమన్నాడు. మొదట డిస్కుకి రోజుకి నూట యాభై అద్దె పెట్టింది. హాస్టలు పిల్లలు వచ్చి చూసి పోయారు. నూరు చేసింది. నలుగురు తీసుకున్నారు. అరవై చేసింది. వారం తిరక్కుండానే పదకొండు డిస్కుల్లో ఒక్కటీ అరలో నిలవలేదు.

అప్పుడు ఆమెకి అర్థమైంది. అయిదు వేలంటే ఇంట్లో అడగాలి. నాన్నకి కారణం చెప్పాలి. అరవైకి ఎవర్నీ అడగక్కర్లేదు. అరవై చొప్పున ఇరవై అయిదు రోజులు ఉంచుకుని పదిహేను వందలు కట్టినవాడు కూడా "చాలా చవకక్కా" అంటూ వెళ్ళేవాడు. అదే డిస్కు పాతది పదిహేను వందలకి కొనుక్కోమంటే ఆలోచించుకుంటానన్నాడు. ఆట ఖరీదెక్కువా తక్కువా అన్నది డబ్బా మీది అంకెలో లేదు. ఆ అంకె ఒక్కసారిగా జేబు మీద పడుతుందా, కొంచెం కొంచెంగానా అన్నదే లెక్క. వీరేంద్ర ఇది ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించనివాడిని కొట్టడం తేలిక.

మరుసటి ఏడు ఎండాకాలంలో గూడెం గది ఖాళీ చేసి, ఏలూరు వచ్చి సరిగ్గా వీరేంద్ర షాపుకి ఎదురుగా మేడమీద కొట్టు తెరిచింది. బోర్డు మీద పెద్దక్షరాలతో "కొనకండి, అద్దెకు తీసుకోండి" అని రాయించింది. వీరేంద్ర కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఆ బోర్డే కనబడుతుంది. అక్కడే పెట్టమని పెయింటరుకి దగ్గరుండి చూపించింది.

అతని అద్దాల అరలో ఏ కొత్త ఆట పెడితే అదే ఆట మర్నాటికి ఆమె దగ్గర అద్దెకి ఉండేది. కొన్ని కొత్తవే పూర్తి ధరకి కొని తెచ్చి, నలభైకే ఇచ్చేది. నలభైకి గిట్టుబాటు కాదు. కొట్టు అద్దె, కరెంటు అన్నీ గూడెంలో కూడబెట్టిన దాంట్లోంచే కడుతోంది. చిట్టిబాబు మెట్లెక్కి వచ్చి ధర చూసి తల గోక్కున్నాడు.

"ఇది లాభం కోసం పెట్టావా చెల్లెమ్మా, ఆయన కోసం పెట్టావా?"

"ఆయన కోసమేనండీ."

"అయితే తొందరగా కానియ్యి. ఎక్కువకాలం తట్టుకోలేవు" అని దిగిపోయాడు.

ఎదురు షాపులో కెజియా చేసిన పని ఇప్పుడు చేస్తున్నది శ్రావ్య అనే అమ్మాయి. కైకలూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఎదురుపడితే "నమస్కారమండీ" అంటుంది. కెజియా తలూపి ఊరుకునేది. ఆ అమ్మాయి మీద ఆమెకి ఏమీ లేదు. అసలు ఆ అమ్మాయి గురించి ఆలోచించనేలేదు.

ఆమె ఆలోచనంతా సెప్టెంబరు మీదే. ప్రతి ఏడూ ఆ నెలలో కొత్త ఫుట్‌బాల్ ఆట వస్తుంది. ఏడాది మొత్తం మీద ఎక్కువ అమ్ముడయ్యే డిస్కు అదే. వీరేంద్ర ముందుగా ఫోన్ మీద బుకింగులు తీసుకుంటాడు, అడ్వాన్సు అడగడు. ఎన్ని బుకింగులు వస్తే దానికి రెండింతలు విజయవాడ నుంచి తెప్పిస్తాడు. తెప్పించినది వెనక్కి తీసుకోరు. ఇదంతా ఏడేళ్ళు స్వయంగా చేసిన పని కాబట్టి కెజియాకి కంఠతా వచ్చు. ఇంకొకటి కూడా తెలుసు. ఆ ఆట ధర రెండు నెలల్లో ఆన్‌లైన్‌లో సగానికి పడిపోతుంది.

ఆగస్టులో గూడెం వెళ్ళి హాస్టలు పిల్లల్ని టీ బండి దగ్గర కూర్చోబెట్టింది. "ఒక ఫోన్ చెయ్యాలి. కొత్త ఫుట్‌బాల్ డిస్కు ఒకటి నాకు ఉంచండి అనాలి, అంతే. చేసినవాళ్ళకి ఆ ఆట వారం రోజులు ఉచితం" అంది. పిల్లలకి అది సరదాగా అనిపించింది. వాళ్ళ స్నేహితులు కూడా కలిశారు. మొత్తం నలభై ఏడు మంది ఫోన్ చేశారు. నిజమైన బుకింగులు మరో ఎనిమిది. అన్నీ కలిపి లెక్కేసి వీరేంద్ర నూటపది డిస్కులు తెప్పించాడు. ఊళ్ళో అన్ని డిస్కులు ఒకేసారి దిగడం అదే మొదలు. షాపు ముందు బెలూన్లు కట్టించాడు.

ఆ శుక్రవారం పొద్దున్న కెజియా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. పదింటికి షాపు తెరిచారు. పన్నెండింటికి ఇద్దరు వచ్చారు. నాలుగింటికి మరొకడు. శ్రావ్య లోపల ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ కనిపించింది. వీరేంద్ర గుమ్మంలోకి వచ్చి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. తర్వాత తలెత్తి మేడ మీది బోర్డు వైపు చూశాడు. మెట్ల మీద కుర్రాళ్ళు బారులు తీరి ఉన్నారు. కెజియా కిటికీ రెక్క వెయ్యలేదు. చూడనీ అనుకుంది. చందా సంచి లేని అమ్మ చేతులు గుర్తొచ్చాయి. ఇంకాసేపు చూడనీ అనుకుంది.

నవంబరు చివరికి ఆన్‌లైన్‌లో ఆ ఆట రెండు వేల నాలుగు వందలకి దిగింది. వీరేంద్ర మొదట ఒక వెయ్యి తగ్గించాడు. మొదటిరోజు పూర్తి ధరకి కొన్న చెరువుల వాళ్ళు వచ్చి, "మమ్మల్నేనా వెధవల్ని చేసింది?" అని గొడవపడ్డారు. వెయ్యి తగ్గించాడు కదా, ఇంకా తగ్గిస్తాడని మిగతావాళ్ళు ఆగారు. ఇంకా తగ్గించాడు. వాళ్ళు ఇంకా ఆగారు. తగ్గించడం అలవాటు లేని మనిషికి ఎక్కడ ఆగాలో తెలియలేదు.

డిసెంబరు రెండో వారంలో ఒకరోజు పదకొండింటికి వీరేంద్ర మెట్లెక్కి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. కొట్టు మొత్తం ఒకసారి చూసి నిలబడే అన్నాడు.

"ఎనభై ఒక్క డిస్కులు మిగిలాయి. అద్దెకి ఇచ్చుకునేదానివి, నీకు పనికొస్తాయి. పదిహేను వందల చొప్పున తీసుకో."

"ఏడు వందలు."

"కెజియా..."

"ఏడు వందలు సార్. దాంతో పాటు ఆ రోజు మీరు చెప్పనన్న మాట. మీ షాపులో, మీ కౌంటరు దగ్గర."

అతను వెనక్కి తిరిగి మెట్ల వైపు నడిచాడు. "రా" అన్నాడు.

ఇద్దరూ రోడ్డు దాటారు. షాపులో కొనేవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. కౌంటరు వెనక అతని భార్య కామేశ్వరి కూర్చుని ఉంది. వీరేంద్ర గొంతు సవరించుకున్నాడు. "వినండి. రెండేళ్ళ కింద ఇక్కడ ఆరు డిస్కులు పోయాయి. ఈ అమ్మాయి తీసిందన్నాను. తియ్యలేదు. మా బావమరిది తీశాడు. నాది తప్పు." చెబుతున్నంతసేపూ కామేశ్వరి తలెత్తలేదు. తీసింది ఆవిడ తమ్ముడే.

కెజియా ఆ మాటల కోసం రెండేళ్ళు బతికింది. విన్నాక గుండెలో వెచ్చగా ఏదో కదిలింది. అప్పుడే ఆమె కళ్ళు కౌంటరు మీద పడ్డాయి.

"శ్రావ్య రాలేదాండీ?"

"దాని పేరెత్తకు" అన్నాడు వీరేంద్ర. "నన్ను నిలువునా ముంచింది. నలభై ఏడు దొంగ బుకింగులు రాసింది. ఫోన్ చేస్తే ఒక్కడూ ఎత్తలేదు. తనే కల్పించిందో, ఎవరి దగ్గరైనా డబ్బు తిందో. పదిమందిలో చీవాట్లు పెట్టి తరిమేశాను."

కెజియా నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. డిస్కుల అట్టపెట్టెలు ఆటోవాడి చేత మేడమీదికి చేర్పించి, తలుపు వేసుకుని కూర్చుంది. గెలిచింది. ఆ గెలుపు రుచి రెండు రోజులు కూడా నిలవలేదు.

మూడోరోజు కైకలూరు బస్సెక్కింది. బస్సు కొల్లేరులోకి దిగాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. గట్ల మీద గూడబాతులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. చిట్టిబాబుని అడిగి ఇల్లు కనుక్కుంది. శ్రావ్య వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆమెని చూసి ఆశ్చర్యపోయి, "రండి, కూర్చోండి" అని కుర్చీ తెచ్చింది.

కెజియా కూర్చోలేదు. "ఆ నలభై ఏడు ఫోన్లూ నేనే చేయించాను. నీకిలా అవుతుందని నేను అనుకోలేదు" అంది.

శ్రావ్య చేతిలో తడిబట్ట అలాగే ఉంది. "నలభై ఏడు మందినీ పేరు, ఊరు, నంబరు అడిగి, తిరిగి చదివి వినిపించానండి. తప్పు పోకూడదని. తెలుసా మీకు?"

"తెలియదమ్మా."

"ఏలూరు నుంచి కైకలూరు దాకా రోజూ బస్సులో మా ఊరివాళ్ళు నలుగురుంటారు. ఆ రోజు వాళ్ళు కూడా షాపులో ఉన్నారు. ఇప్పుడు మా నాన్న పాల కేంద్రానికి వెళ్ళడం మానేశాడు." గొంతు పెంచలేదు. "నాకెందుకు చెప్తున్నారండి? నేను రాయలేదని నాకు తెలుసు. ఆయనకి చెప్పండి."

"నా దగ్గర పనిచెయ్యి. అక్కడకన్నా రెండు వేలు ఎక్కువిస్తాను."

"మీ దగ్గర చెయ్యనండి" అని శ్రావ్య బట్టని దండెం మీద వేసి సాఫు చేసింది.

తిరుగు బస్సు దిగి కెజియా ఇంటికి పోలేదు. నేరుగా షాపుకే వెళ్ళింది. సాయంత్రం అయిదింటప్పుడు జనం బాగానే ఉన్నారు. చెప్పి తీరాలి కాబట్టి చెప్పేద్దామనే వచ్చింది. కానీ వీరేంద్ర తలెత్తి "మళ్ళీ ఏమిటి?" అని విసుక్కోగానే ఆమె వెన్ను నిటారుగా అయింది.

"ఆ నలభై ఏడు బుకింగులూ నావి వీరేంద్ర గారూ. నేనే ఫోన్లు చేయించాను. బుకింగులకి రెండింతలు తెప్పిస్తారని తెలిసే చేయించాను. మీ శ్రావ్యది ఏ తప్పూ లేదు."

అతనికి మొదట ఏమీ అర్థంకాలేదు. తర్వాత ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. ఫోన్లు, బెలూన్లు, మెట్ల మీది వరస, ఏడు వందలు. ఆ ముఖం వైపు చూస్తూ కెజియా తనకే తెలియని సంగతి ఒకటి తెలుసుకుంది. క్షమాపణ విన్న రోజున కూడా ఏదో కొరత మిగిలిపోయింది. తనని కొట్టింది ఎవరో అతనికి తెలియకపోవడమే ఆ కొరత. ఒప్పుకోడానికి వచ్చిన మాటే ఆమె కొట్టిన చివరి దెబ్బ అయింది. అది ఆమెకి తియ్యగా ఉంది. సిగ్గు కూడా వేసింది. సిగ్గు వేసినా తీపి తగ్గలేదు.

"దొంగముండా!" అని అరిచాడు వీరేంద్ర. "నీ మీద కేసు పెడతాను!"

"పెట్టండి. కోర్టులో మొదట్నుంచీ చెప్తాను, బ్యాగు బోర్లించిన దగ్గర్నుంచి. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చెయ్యండి."

"చెయ్యను. పో బయటికి!"

కౌంటరు వెనక కామేశ్వరి లేచింది. ఫోన్ తీసి నంబరు వెతికింది. భర్త "ఏయ్" అంటుంటే వినిపించుకోలేదు.

"శ్రావ్యా, నేనమ్మా, కామేశ్వరిని. ఆ బుకింగులు నువ్వు కల్పించినవి కావట. ఇక్కడ అందరిముందూ చెప్తున్నాను. మావారు నిన్ను అన్న మాటలకి నేను తప్పు ఒప్పుకుంటున్నాను. మీ నాన్నగారికి ఇవ్వు, ఆయనకీ చెప్తాను."

అవతల ముసలి మగగొంతు ఏదో అంది. కామేశ్వరి "అవునండీ, అవునండీ" అంటూ ఫోన్ పట్టుకుని లోపలికి వెళ్ళింది. కెజియా బయటికి వచ్చేసింది.

ఆ కబురు నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. కొందరు కెజియా మంచి పని చేసిందన్నారు. కొందరు ఆమె కొట్టు మెట్లెక్కడం మానేశారు. చర్చిలో చందా సంచి మళ్ళీ ఇస్తామంటే హన్నమ్మ వద్దంది. "అమ్మాయ్, ఆయన్ని అంతలా చెయ్యడం నాకు నచ్చలేదు" అంది కూతురితో. "చెయ్యకపోయినా నచ్చేది కాదు" అని కూడా అంది. వేసవి రాకముందే వీరేంద్ర షాపు అమ్మేశాడు. శ్రావ్య భీమవరంలో ఒక సెల్‌ఫోన్ల షోరూములో చేరిందని చిట్టిబాబు చెప్పాడు.

వీరేంద్ర షాపు షట్టరు పడిన వారానికి కెజియా ధరల బోర్డు మీది నలభై చెరిపి డెబ్బై రాసింది. మెట్లెక్కి వచ్చిన కుర్రాళ్ళు దాన్ని చూసి ఆగిపోయారు.

"ఇదేంటక్కా, మీరూ పెంచేశారా? నలభైకే ఇచ్చేవారు కదా?"

"నలభైకి నాకు నష్టం."

"మరి ఇన్నాళ్ళూ ఎలా ఇచ్చారు?"

"అది వేరే పని కోసం పెట్టిన ధర. ఆ పని అయిపోయింది" అంది.

వాళ్ళలో ఇద్దరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. మూడోవాడు జేబులు తడుముకుని, "అరవై అయిదు చేసుకోండక్కా" అన్నాడు. కెజియా కాసేపు లెక్కవేసి చూసింది. అరవై అయిదుకి కొట్టు నడుస్తుంది. బోర్డు మీద డెబ్బై చెరిపేసి అందరికీ కనబడేలా అరవై అయిదు రాసి, అతనికి డిస్కు తీసి ఇచ్చింది.